స్టాక్ రిపోర్ట్ వచ్చేలోగా

మూడో ఛాంబర్ తలుపు తెరవగానే చలి, మిర్చి ఘాటు కలిసి ముఖాన కొట్టాయి.

బస్తాల వరస వెనక హర్ష ముడుచుకుని పడి ఉన్నాడు. పల్చటి చొక్కా. తల వెనక గడ్డకట్టిన రక్తం.

గుంటూరు నుంచి వచ్చిన డేటాబేస్ డెవలపర్ అతను. నత్తనడక నడిచే సాఫ్ట్‌వేర్‌ను పరిగెత్తించడమే అతని ఉద్యోగం. రాజుపాలెం దగ్గరి ఈ కోల్డ్ స్టోరేజీకి ముందురోజు పొద్దున వచ్చాడు. తిరిగి వెళ్ళలేదు.

"నిన్న మధ్యాహ్నం తగిలిన దెబ్బకి స్పృహ తప్పింది. ప్రాణం తీసింది మాత్రం చలి. తెల్లవారుజామున పోయుండాలి," అన్నాడు డాక్టర్.

రాత్రంతా బతికే ఉన్నాడన్నమాట. సీఐ శేషారత్నం ఆ పల్చటి చొక్కా వైపు మరోసారి చూసింది.

మేనేజర్ సుధీర్ బాబును పిలిపించింది.

"నిన్న మధ్యాహ్నం ఎక్కడున్నారు?"

"నా క్యాబిన్‌లో మేడం. ఓనరుగారు స్టాక్ రిపోర్ట్ అడిగారు. దాని ముందే కూర్చున్నా."

"మధ్యాహ్నమంతా?"

"మా సాఫ్ట్‌వేర్ సంగతి మీకు తెలవదు. నొక్కితే చక్రం తిరగతానే ఉంటది. సాయంత్రానికిగానీ రాలా."

"ఛాంబర్ తలుపు ఎవరేశారు?"

"జమీర్. తలుపు రబ్బరు మార్చటానికొచ్చిన మెకానిక్. సాయంత్రం పని అయిపోగానే వేసి పోయాడు."

జమీర్ సంచిలో రక్తం అంటిన స్పానర్ దొరికింది. అదెలా వచ్చిందో తెలియదన్నాడు. తలుపు సంగతి మాత్రం దాచలేదు.

"లోపలికి చూడకుండానే వేశా మేడం. ఒక్క కేకేస్తే సరిపోయేది. నేనే చంపా."

కానిస్టేబుల్ ఆఖరి మాట ఒక్కటే రాసుకున్నాడు. ఆఫీసుకు సీలు వేశారు. జమీర్‌ను లాకప్‌లో పెట్టారు. మర్నాడు కోర్టులో హాజరుపరచాలి. ఆ రక్తం హర్షదేనని తేలితే జమీర్ బతుకు తెల్లారినట్టే.

సాయంత్రం అతని తల్లి జైనాబ్ బీ స్టేషన్ మెట్ల మీద కూర్చుంది. కోల్డ్ స్టోరేజీ గేటు దగ్గర ఆమెది టీ బండి.

"మావోడు ఎవర్నీ కొట్టే మనిషి కాదమ్మా. అసలు నిన్నటి రోజే మంచిది కాదు. మజ్జానం కాచిన టీ కాచినట్టే ఉండిపోయింది. పారబోశా."

శేషారత్నం తల ఎత్తింది. "ఏం, రైతులు రాలేదా?"

"రాకేంది, చానామంది వచ్చారు. రోజూ కంప్యూటర్లోంచి స్లిప్పు వచ్చేదాకా పడిగాపులు కాస్తా నా బండికాడే కూర్చునేవోళ్ళు. ఆ మజ్జానం మాత్రం ట్రాక్టరు వచ్చింది వచ్చినట్టే లోపలికి పోయింది."

శేషారత్నం వెంటనే సైబర్ సెల్‌కి ఫోన్ చేసింది. హర్ష లాప్‌టాప్ అప్పటికే వాళ్ళ దగ్గరుంది.

మర్నాడు పొద్దున్నే ఆఫీసు సీలు తీయించింది. ఓనరును, మేనేజర్‌ను, బిల్లింగ్ చూసే కావ్యను క్యాబిన్‌లోకి పిలిచింది.

"సుధీర్ బాబూ, ఆ రోజు తీసిన రిపోర్టే ఇప్పుడొకసారి తీయండి."

"కూర్చోండి మేడం. టైం పడద్ది."

నొక్కాడు. మౌస్ మీంచి చెయ్యి తీయకముందే రిపోర్ట్ వచ్చేసింది.

మళ్ళీ నొక్కాడు. మళ్ళీ అంతే. అతని ముఖంలో నెత్తురు చుక్క లేదు.

"మీకు తెలవదా సార్?" కావ్య అమాయకంగా అడిగింది. "ఆ రోజు రెండు దాటినకాడ్నించీ ఇంతే గదా. హర్షగారు బాగుచేసేశారు."

"ఆ మధ్యాహ్నం మీరీ కుర్చీలో ఉండుంటే, ఆ రోజే నోరెళ్ళబెట్టేవాళ్ళు," అంది శేషారత్నం. "ఈ క్యాబిన్ వెనక తలుపులోంచి ఛాంబర్‌కి వెళ్ళారు కదూ?"

అతని చూపు ఆ తలుపు మీదికి పోయింది.

ఆమె ఓనరు వైపు తిరిగింది. "డేటాబేస్‌లో ఇండెక్స్ అని ఒకటుంటుంది. ఏ బస్తా ఎక్కడుందో వెంటనే చూపిస్తుంది. అది లేకపోతే కంప్యూటర్ ప్రతిసారీ అన్ని బస్తాలూ వెతుక్కోవాలి. మీ సాఫ్ట్‌వేర్ దానంతటది స్లో అవలేదు. ఏటా సీజన్ మొదలవగానే ఈయన లాగిన్ నుంచి ఇండెక్స్ తీసేస్తున్నారు. క్యూ పెరుగుతుంది. చెయ్యి తడిపిన వాళ్ళ ట్రాక్టర్ ముందు కదులుతుంది. హర్ష అది కనిపెట్టాడు. అతని లాప్‌టాప్‌లో అంతా ఉంది."

సుధీర్ బాబు కుర్చీలో కుంగిపోయాడు.

"ఛాంబర్‌లో బస్తాల లెక్క చూస్తా, ఓనరుగారికి చెప్తానన్నాడు. కారణం దొరికిందన్నాడుగానీ బాగుచేశానని చెప్పలా. మెకానిక్ లేడుగానీ అతని సంచి తలుపుకాడే ఉంది. చేతికి స్పానర్ దొరికింది."

హర్ష ముందు పని పూర్తిచేసి, ఆ తర్వాతే మాట్లాడే మనిషి. ట్రాక్టర్ల వరస కోసం, కాసిని లంచం డబ్బుల కోసం అలాంటివాడు పోయాడు. శేషారత్నానికి ఒళ్ళు మండిపోయింది. సుధీర్ బాబును చొక్కా పట్టుకుని లేపింది.

మధ్యాహ్నానికి జమీర్‌ను లాకప్‌లోంచి బయటికి తెచ్చారు. జైనాబ్ బీ కొడుకు ముఖమంతా తడిమింది. అతను కదల్లేదు. లాకప్‌లో పెట్టినప్పటి నుంచీ మెతుకు ముట్టలేదని సెంట్రీ చెప్పాడు.

"మేడం," అన్నాడు జమీర్. "నేను తలుపేసేటప్పటికి ఆయన బతికే ఉన్నాడా?"

పోస్ట్‌మార్టం రిపోర్ట్ టేబుల్ మీదే ఉంది. ఎప్పుడో ఒకరోజు కోర్టులో దాన్ని పైకి చదువుతారు. సాక్షిగా జమీర్ అక్కడే నిలబడి వింటాడు. ఆ సంగతి శేషారత్నానికి తెలుసు.

"లేడు," అంది. "అప్పటికే పోయాడు."

జమీర్ చాలాసేపు ఆమె ముఖంలోకి చూశాడు. తర్వాత తల్లి వైపు తిరిగి, ఆకలేస్తోందని చెప్పాడు.