సమ్మమ్మ స్పూలు

మంగళవారం ఉదయం 9.50.

హన్మకొండ చౌరస్తా వెనక సందులో ఉన్న రేడియో రిపేరు షాపు ముందు జనం గుమిగూడారు. ఎస్సై తేజస్వి జీపు దిగింది.

షట్టర్ తాళం కోసి ఉంది. లోపల అరల నిండా పాత రేడియోలు, ఆంప్లిఫయర్లు. బల్ల మీద మూత విప్పిన స్పూల్ టేప్ రికార్డర్. బల్ల అంచుకు వస్తువుల్ని బిగించి పట్టే ఇనుప వైస్. దేన్నీ ఎవరూ ముట్టుకోలేదు. పోయింది ఒక్కటే. అరచెయ్యంత టేపు చుట్ట.

"ఒక్క స్పూలేనా?"

"ఒక్కటే మేడం," అన్నాడు షాపు యజమాని సదానందం. అరవై ఎనిమిదేళ్ల మెకానిక్. మాట్లాడుతున్నంతసేపూ నేల చూపులే.

ఫిర్యాదు చేసిన స్త్రీ మెట్ల మీద కూర్చుని ఉంది. పేరు వినోద. ముప్పై తొమ్మిదేళ్లు. తొర్రూరులో మ్యాచింగ్ సెంటర్ నడుపుతుంది.

"ఆ స్పూలు మీదేనా?"

"మా అమ్మది మేడం. అమ్మ పేరు సమ్మమ్మ. నాకు పదకొండు నెలలప్పుడు కామెర్లతోని పోయింది. ఒక ఫోటో ఉన్నది. గొంతు ఎట్లుంటదో ఎరుకలేదు."

"ఇన్నాళ్లూ వినలేదా?"

"టేపున్న సంగతే నాకు తెల్వది. మా బాపు టీచరు. అమ్మ పాడుతాంటె రికార్డు చేసిండట. నాకు ఎన్నడు చెప్పలే. మొన్న ఉగాదికి బాపు పోయిండు. అటుక మీది ట్రంకు పెట్టె దించితే మిషను, స్పూలు దొరికినయ్. పైన బాపు రాత. సమ్మమ్మ, 1986 అని."

"మెషీన్ పని చేయలేదా?"

"తిరగనే లేదు. గందుకే సదానందం కాకకు ఇచ్చిన. ఇయ్యాల పది గంటలకు వినిపిస్తనన్నడు." వినోద చీర కొంగు వేలికి చుట్టుకుంది. "నిన్న రాత్రి నాకు నిద్రనే పట్టలే మేడం."

తేజస్వి లోపలికి వెళ్లింది.

"నిన్న ఏం పని చేశారు?"

"బెల్టు కరిగిపోయింది మేడం. గీకి తీసి కొత్తది ఏసిన. మోటరు బేరింగుల గ్రీజు గట్టిపడ్డది. కడిగి నూనె పోసిన. రెండు కండెన్సర్లు ఉబ్బినయ్, మార్చిన. టేపు రాసుకుంట పోయే హెడ్డులు స్పిరిటుతోని తుడిచిన."

"స్పూలు పెట్టి చూశారా?"

"లేదు. వినోదమ్మ ముందటనే పెడుదామనుకున్న."

హెడ్డులు తళతళలాడుతున్నాయి. వాటి కింద, రబ్బరు రోలరు మూలలో మాత్రం సన్నటి గోధుమరంగు పొడి పేరుకుని ఉంది.

"ఇదేంటి?"

"పాత బెల్టు పొడి మేడం."

తేజస్వి ఆ మాటే నోట్ బుక్కులో రాసుకుంది. పొడిని కవర్లో వేయించింది.

అనుమానితులు ఇద్దరు.

మొదటివాడు కిషన్ రావు. ఆ షాపు ఉన్న మడిగెల ఓనరు. షాపు ఖాళీ చేయమని ఆర్నెల్లుగా పోరుతున్నాడు.

"మొన్న సదానందంతో గొడవపడ్డారట?"

"పడ్డ. లొల్లి నిజమే."

"స్పూలు తీస్తే ఆయన మీద నమ్మకం పోతుంది. షాపు మూస్తాడు. అంతేనా?"

"మేడం, నేను తీస్తే రాత్రికి రాత్రి సామానంతా తీయిస్త. గీ రీలు ముక్క నాకెందుకు?"

రెండోవాడు ఉదయ్. నయీంనగర్‌లో ఉంటాడు. పాత రికార్డర్లు సేకరించే పిచ్చి. సోమవారం సాయంత్రం నాలుగింటికి షాపుకొచ్చి, ఆ మెషీన్ అమ్ముతారేమో అడగమని సదానందాన్ని బతిమాలాడు.

"నిన్న ఎన్నింటికి వెళ్లిపోయారు?"

"నాలుగున్నరకు. డ్యూటీ ఉండె. హాజరు రిజిస్టర్ చూసుకోండి మేడం."

"మెషీన్ మీద అంత మనసున్నవారు స్పూలు ఒక్కటే ఎందుకు తీస్తారు?"

"అదే నేనంటున్న. మిషన్ వదిలి స్పూలు ఎవడు తీస్తడు?"

తేజస్వి కవరు అతని ముందు పెట్టింది. "ఈ బెల్టు పొడి చూశారా?"

ఉదయ్ వెలుతురులో పట్టుకుని చూశాడు. అతని ముఖం మారింది.

"ఇది బెల్టు కాదు మేడం. ఈ బెల్టులు కరిగితే తారు లెక్క నల్లగ అంటుకుంటయ్. ఇది టేపు మీది పూత. పాట ఉండేది ఈ పూతలనే."

"పూత ఊడుతుందా?"

"అటుక మీద ఉడుకకు, చెమ్మకు ఏండ్లకేండ్లు పడి ఉంటే ఊడుతది. హెడ్డుకు తగిలిన కాడల్లా రాలిపోతది. ఒక్కసారి వినొచ్చు. రెండోసారి వినేటందుకు ఏం మిగలదు."

సమయం 3.10. తేజస్వి జీపును మళ్లీ చౌరస్తాకు తిప్పించింది.

నాలుగింటికి అందరూ షాపులోనే ఉన్నారు. వినోద స్టూలు మీద కూర్చుంది. కిషన్ రావు, ఉదయ్ గుమ్మం దగ్గర నిలబడ్డారు.

"తాళాన్ని షట్టర్‌కే ఉంచి కోస్తే ఇనుప రజను మెట్ల మీద రాలాలి," అంది తేజస్వి. "మెట్ల మీద లేదు. ఆ బల్లకు బిగించిన వైస్ దవడల్లో ఉంది. తాళాన్ని లోపల, తీరిగ్గా, వైస్‌లో బిగించి కోశారు. దొంగకు అంత తీరిక ఉండదు."

ఆమె పొడి కవరు పైకెత్తింది.

"ఈ పొడి బెల్టుది కాదు. టేపుది. అంటే రిపేరయ్యాక టేపు ఈ మెషీన్‌లో తిరిగింది. హెడ్డులు తుడిచారు. కింద మూల మరిచిపోయారు. పెద్దాయనా, స్పూలు ఎక్కడుంది?"

సదానందం లేచాడు. అరలోని ఓ పెద్ద రేడియో వెనక అట్ట విప్పి స్పూలు బయటికి తీశాడు. బల్ల మీద పెట్టి చెయ్యి వెనక్కి లాక్కున్నాడు.

టేపు గాజులా పారదర్శకంగా ఉంది.

"నిన్న ఆరూ ఇరవైకి," అన్నాడు. "స్పీడు చూద్దామని పెట్టిన మేడం. టెస్టు టేపు తెగిపోయి ఉండె. ఒక్క నిమిషమే అనుకున్న. స్పీడు నేను చెవితోని పట్టుకుంట. కండ్లు మూసుకున్న. ఆమె పాడుడు మొదలువెట్టింది. కండ్లు తెరిచేవరకు అవుతలి చక్రం మీద టేపు అద్దం లెక్క తెల్లగైతాంది. పూత పొడిపొడిగ రాలుతాంది."

"ఆపలేదా?"

"స్టాప్ బటను మీద ఏలు పెట్టిన."

"ఆపారా?"

"లేదు."

"ఎందుకు?"

"ఆపితే మిగిలింది అతుక్కపోతదని మనసుకు చెప్పుకున్న. అది అబద్దం మేడం. పాట నడుమ ఉండె. ఆపబుద్ధి కాలే. నలభై ఐదేండ్ల పనిల అట్ల ఎన్నడు కాలే."

"ఫోన్‌లోనైనా రికార్డు చేశారా?"

సదానందం చొక్కా జేబు మీద చెయ్యి వేసుకున్నాడు. "ఫోను జేబులనే ఉండె. యాదికి రాలే."

ఉదయ్ మొహం పక్కకు తిప్పుకున్నాడు.

వినోద స్పూలు అందుకుంది. కొస పట్టి టేపును మూరెడు లాగింది. వెలుతురుకు పెట్టి చూసింది. అవతల రోడ్డు కనిపిస్తోంది. మళ్లీ చుట్టింది.

"ఏం పాడింది?"

"వరి నాట్లేసేటప్పటి పాట బిడ్డా. మూడు చరణాలు. నడుమల పసిపిల్ల ఏడ్చింది. పాట ఆపి, ఊకో బిడ్డా, బాపు మిషను పెట్టిండు, నువ్వేడిస్తే గది గుడ టేపుల ఎక్కుతది అన్నది. నవ్వింది. మల్ల అందుకున్నది."

"ఏడ్చింది నేనేనా?"

"నువ్వే కావాలె."

వినోద స్పూలును ఒళ్లో పెట్టుకుంది.

"గొంతు నా లెక్కనే ఉండెనా కాకా?"

అవునని చెప్పేస్తే బాగుండుననుకుంది తేజస్వి. కిషన్ రావు కూడా అదే ఆశతో ముసలాయన వైపు చూస్తున్నాడు.

"లేదు బిడ్డా," అన్నాడు సదానందం. "నీది సన్నగుంటది. ఆమెది జర బొంగురు. నవ్వితే దగ్గు అస్తాండె."

వినోద కళ్లలోంచి అప్పుడు దూకాయి నీళ్లు. పొద్దుటినుంచి ఒక్క చుక్క రాల్చని మనిషి. చప్పుడు లేకుండా చాలాసేపు ఏడ్చింది.

"కేసొద్దు మేడం," అంది చివరికి. సదానందం వైపు తిరిగింది. "గని నిన్ను మాఫ్ చెయ్యలేను."

"చెయ్యకు బిడ్డా."

ఆమె స్పూలును సంచిలో వేసుకుని లేచింది. మెట్లు దిగింది. సందు చివరి దాకా వెళ్లింది. తేజస్వి నోట్ బుక్కు మూసి జీపు ఎక్కబోతుంటే వెనక్కి నడిచి వచ్చింది. తిన్నగా లోపలికి వెళ్లి స్టూలు లాక్కుని కూర్చుంది.

"మల్ల మొదటినుంచి చెప్పు కాకా," అంది. "దగ్గు యాడ అచ్చిందో గది గుడ చెప్పు."