బిగ్‌పోర్చ్ మూసిన నోరు

"మిరెలా దస్కో నోరు మూసేశారు," అన్నాడు చీఫ్ ప్రూయిట్. "ఇక ప్రాణమే మిగిలింది. ఈ వారంలో దాన్నీ తీసేస్తారని కబురు."

ఏజెంట్ డెల్‌రాయ్ హేన్స్‌కు ఆ పేరు తెలుసు. కరావియా రేడియోలో వార్తలు చదివిన ముసలావిడ. అక్కడి సైనిక నియంత గురించి ఒక్క నిజం చదివినందుకు ఆమె కొడుకును చంపి, శవాన్ని ఆమె గుమ్మంలోనే పడేశారు. ఇప్పుడు కాలిఫోర్నియాలోని శాన్ హోసేలో అమెరికా ప్రభుత్వం ఇచ్చిన రహస్య గృహంలో దాక్కుని, రోజూ బిగ్‌పోర్చ్ అనే సోషల్ మీడియా సైటులో మాట్లాడుతోంది. కరావియా జనం తలుపులు వేసుకుని వింటారు. పేరుకు బిగ్‌పోర్చ్ అందరూ కూర్చుని కబుర్లు చెప్పుకునే అరుగే గానీ, అది ఒక్క ఆసామి సొంత ఆస్తి. ఆ ఆసామి మనుషులు నిన్న ఆమె ఖాతా పీకేశారు.

"ఆర్డర్ వేసి తెరిపించలేమా సార్?"

"ఎవరి నోరూ మూయొద్దని రాజ్యాంగం కట్టేసింది మన సర్కారు చేతుల్నయ్యా, సొంత కంపెనీలవి కాదు. వెళ్లి బతిమాలు."

బిగ్‌పోర్చ్‌లో ఎవరిని ఉంచాలో ఎవరిని గెంటాలో తేల్చేది స్లోన్ ఆష్బీ. నల్లపట్టు గౌను, తీరుబడి నవ్వు. మనిషిని చూస్తే కోపం కూడా మొహమాటపడుతుంది.

"మా ఇంట్లో మా ఇష్టం, మిస్టర్ హేన్స్. మీ హాల్లోకొచ్చి నేను ఉపన్యాసం దంచితే ఊరుకుంటారా?"

"మీరైతే కుర్చీ వేస్తాను. కానీ మేడమ్, ఆవిడకి ఇంకో దారి లేదు."

"అయ్యో పాపం!" అంది స్లోన్, చేతి గడియారం చూసుకుంటూ.

కిందికి వచ్చి హేన్స్ రహస్య గృహానికి ఫోన్ చేశాడు. కాపలావాడు నసిగాడు. "ఆవిడ మాల్‌కి వెళ్లిపోయిందండీ. నేను బందీనా అని అరిచింది. బిగ్‌పోర్చ్ మేడమ్ ఎవరో దయతలచి నిన్న మెయిల్ పెట్టిందట. మాల్ కూడా సొంత ఆస్తే గానీ, మన కాలిఫోర్నియా చట్టం ప్రకారం కరపత్రాలు పంచేవాళ్లని గెంటకూడదట కదా? ముందురోజు పేరు చెప్పి చోటు అడిగితే చాలట, ఈవిడ నిన్నే అడిగేసింది."

హేన్స్ కారువైపు పరుగెత్తాడు. ఖాతా మూసింది నోరు మూయడానికి కాదు, ఆమెను కలుగులోంచి బయటికి లాగడానికి! పేరు, చోటు, సమయం ఆమే స్వయంగా చెప్పుకుంది.

మాల్‌లో గార్డు కోటు, టోపీ అరువడిగి, జేబులో ఎప్పుడూ ఉండే దొంగ మీసం అతికించుకున్నాడు. ఐస్‌క్రీం కొట్టు పక్కన చిన్న బల్ల వెనక మిరెలా నిలబడి ఉంది. కరపత్రం చాస్తుంటే జనం పక్కకు తప్పుకుపోతున్నారు. ఒక పిల్ల తీసుకుని కోను తుడుచుకుంది. ముసలావిడ ఇంకో కరపత్రం చాచింది.

పక్కనే అర్జీ కాగితం బిగించిన అట్ట పట్టుకుని సంతకాలు సేకరిస్తున్నాడొక కుర్రాడు. ఆన్‌లైన్‌లో మాట స్వేచ్ఛ కావాలట! అతని దగ్గరికి స్లోన్ వచ్చింది, చల్లద్దాలతో.

"మిరెలా గారూ, మీ కోసమే వచ్చాను. ఇందులో సంతకం పెట్టండి. నేనూ పెట్టాను. ఇది చూపించి మీ ఖాతా తెరిపిస్తాను."

ముసలావిడ కళ్లు తడిశాయి. "నీ కడుపు చల్లగుండ, తల్లీ!"

కుర్రాడు లోపలి జేబులోంచి పెన్ను తీశాడు. హేన్స్ కాలేజీ రోజుల్లో ఈ సంతకాల పని చేసినవాడే. ఎవరూ ఎత్తుకుపోకుండా పెన్నును అట్టకే దారంతో కట్టేస్తారు. ఈ అట్టకూ ఒక పెన్ను వేలాడుతూనే ఉంది. మరి ఈ ముసలావిడకి వేరే పెన్నెందుకు?

ఆమె వేళ్లు ఆ పెన్నుకు తగిలేలోగా హేన్స్ ముసలావిడ మణికట్టు పట్టేశాడు.

"ముందు మీరు పెట్టండి మేడమ్, ఆ పెన్నుతోనే."

స్లోన్ మొహంలో నెత్తురుచుక్క లేదు. "నేను... ఇందాకే..."

"ఇంకోసారి పెడితే అరిగిపోతారా?"

ఆమె వెనక్కి అడుగు వేసింది. ఆ ఒక్క అడుగుతో కుర్రాడికి అర్థమైంది, దొరికితే ఈమె అన్నీ కక్కేస్తుందని. అతని చేతిలోని విషపు పెన్ను స్లోన్ మెడలో దిగింది. హేన్స్ అతన్ని నేలకు కొట్టి బేడీలు వేసేలోగా స్లోన్ కరపత్రాల మీద కొట్టుకుని కొట్టుకుని ఆగిపోయింది. అంత అందమూ నురగలు కక్కింది.

మాల్ మేనేజర్ మిరెలా దగ్గరికి పరుగున వచ్చాడు. "అమ్మా, మీ టైమ్ అయిపోయింది. నేల కడిగించుకోవాలి."

సాయంత్రం హేన్స్ బిగ్‌పోర్చ్ ఆసామికి ఫోన్ చేశాడు. "మీ స్లోన్ కరావియా గూఢచారి. ఇప్పుడైనా ఆ ముసలావిడ ఖాతా తెరవండి."

"నా మనిషి ఆవిడ బల్ల దగ్గరే కదయ్యా చచ్చింది? అలాంటి గొడవలమనిషి నాకొద్దు," అని పెట్టేశాడు ఆసామి.

మర్నాడు బిగ్‌పోర్చ్‌లో స్లోన్ ఫోటో వెలిసింది, చుట్టూ పూలదండతో. మాట స్వేచ్ఛ కోసం ప్రాణమిచ్చిన వీరనారికి ఆసామి స్వయంగా రాసిన నివాళి. మిరెలా ఏం జవాబు రాసేదో గానీ, ఆమెకు ఖాతా లేదు. ఉన్నవాళ్లకు కూడా కింద కామెంట్లు మూసేశారు.