సొంత గొంతు: రెండు గంటలు

చెవి పరీక్షలు చేసే ఆయనకి నేను పెట్టిన పేరు బీప్ సారు. అద్దాల గదిలో కూర్చోబెట్టి "బీప్ వినపడితే చెయ్యెత్తమ్మా" అంటాడు. నా చెవి మిషన్లలో సౌండు సరిచేయమంటే మౌసు రెండుసార్లు నొక్కి, "అలవాటైపోతుందిలేమ్మా" అని పంపేస్తాడు. ఆ మాత్రం నొక్కుడు నాకు రాదా? సాఫ్ట్‌వేరు, కేబులు సంపాదించి, వీడియోలు చూసి వారంలో నేర్చేసుకున్నాను. కీచు శబ్దాలు తగ్గించాను, మాటలు పెంచాను. ఆయన చదివిన చదువంతా ఆ రోజే నా చెత్తబుట్టలో పడింది.

ఆయన చెప్పినవన్నీ మానేశాను కూడా. రాత్రి తీసేటప్పుడు బ్యాటరీ మూతలు తెరిచి పెట్టాలట, లేకపోతే ఆన్‌లోనే ఉంటాయట. ఉండనీ! మూతలు తెరవకుండానే డబ్బాలో పడేసేదాన్ని. అవి తీశాక నాకు ఉరుము కూడా వినపడదు.

ఒంటరిగా గది తీసుకుని నాలుగు నెలలు. "చెవులు తీసి పడుకుంటే ఇల్లు కూలినా నీకు తెలీదే. ఏదైనా తేడా వచ్చిందా, ఆ రోజే సామాను సర్దించేస్తా" అని అక్క బెదిరింపు.

ఏం విన్నాయో, ఎంతసేపు విన్నాయో మిషన్లు రాసిపెట్టుకుంటాయి. ఒక రాత్రి పడుకోబోతూ ఆ పట్టికని సున్నా చేశాను. పొద్దున తెరిచి చూస్తే...

నిశ్శబ్దం: ఒక గంట.
ఇతరుల మాటలు: ఐదు గంటలు.
సొంత గొంతు: రెండు గంటలు.

నవ్వొచ్చింది. పనికిమాలిన సాఫ్ట్‌వేరు! మర్నాడూ అంతే. మూడో రోజూ అంతే. నాలుగో రాత్రి మూతలు తెరిచే పెట్టాను... పొద్దునకి మూసి ఉన్నాయి.

బీప్ సారుని అడిగితే "చెప్పానా" అంటాడు. ఇంట్లో చెబితే గది పోతుంది. అందుకే ఏదో వంక పెట్టి అక్కని ఒక రాత్రికి రమ్మన్నాను. అక్కవి పాము చెవులు.

లైటు తీశాను. తడి సున్నం వాసన. చీకటి, దానిమీద చెవుడు... దుప్పటి మీద దుప్పటి కప్పినట్టు. పక్కన అక్క ఒళ్ళు వెచ్చగా తగులుతుంటే నిద్రపట్టేసింది.

పొద్దున అక్క తలుపు దగ్గర కూర్చుని ఉంది, ఒళ్ళో బ్యాగుతో. మిషన్లు పెట్టుకున్నాను.

"రాత్రి ఏమైనా వినిపించిందా?"

"నువ్వే," అంది గుసగుసగా. "మాట్లాడుతూ... ఆగుతూ... ఎవరో చెబుతుంటే వింటున్నట్టు."

"ఎవరు?"

"నీ గొంతు తప్ప ఇంకేం లేదే."

"ఏమన్నాను?"

"'తీసుకొచ్చాను కదా... ఇక నన్నొదిలెయ్' అన్నావ్. ఎవర్ని తీసుకొచ్చావే?"

ఎవర్నో నాకర్థమైంది. అయినా వెక్కిరించాను. "కలలో ఏదో వాగుంటాలే. నువ్వూ, నీ పిరికితనమూ!" గది పోతుందని. అంతే, అందుకే. అక్క సామాను ఊసే ఎత్తకుండా వెళ్ళిపోయింది.

ఆ రోజు నుంచి పట్టికలో రాత్రులన్నీ నిశ్శబ్దమే. ఎనిమిది గంటలకి ఎనిమిది గంటలూ. గది నాదే. తెలిసీ నోరు మూసుకున్నాను. బీప్ సారుని తిట్టుకున్నంత సులువుగా నన్ను నేను తిట్టుకోలేకపోతున్నాను.

ఇందాక అక్క మెసేజ్ పెట్టింది:

"నీ చెవి మిషన్లు ఒక్క రాత్రికి ఇస్తావా? రాత్రుళ్ళు మాటలు సరిగ్గా అందట్లేదు. మళ్ళీ చెప్పమంటే ఊరుకోవట్లేదు."