పదిహేడో అధ్యాయం రాసిందెవరు?

నోట్‌బుక్ పోయింది.

నీలం అట్ట. రూళ్ళ కాగితాలు. శివరామకృష్ణయ్య తన ఆఖరి డిటెక్టివ్ నవల రాసుకున్న నోట్‌బుక్.

ఆయన పోయి పదకొండు రోజులు. బళ్ళారి గాంధీనగర్ ఇంట్లో ఆ రోజు పెద్దకర్మ. ఉదయం 9:20కి భార్య సరోజినీదేవి ఆయన మేజా సొరుగు తీసింది. నోట్‌బుక్ ఉంది. మధ్యాహ్నం 1:15కి మళ్ళీ తీసింది. లేదు.

నాలుగు గంటలకు పోలీస్ స్టేషన్ నుంచి పీఎస్ఐ హిమజ వచ్చింది.

"ఇంకేమైనా పోయినాయామ్మా?"

"ఏమీ పోలేదు. ఆయన వాచీ కూడా సొరుగులోనే ఉంది."

"ఆ నోట్‌బుక్‌లో ఏముండాది?"

"నేను చూళ్ళేదు."

హిమజ తలెత్తింది.

"అచ్చయ్యేదాకా ఆయన రాత ఎవరూ చూడకూడదు. పదకొండు నవలలకీ అదే పద్ధతి. టైపు చేసే చక్రధర్ ఒక్కడే చూసేవాడు."

శివరామకృష్ణయ్య నలభై ఏళ్ళు వలస రైతుల క్యాంపులో కాలవ కింద వరి పండించాడు. తెల్లవారకముందే లేచి నవలలు రాశాడు. పన్నెండోది ఆయన పోయాక వచ్చింది. పెద్దకర్మకు వచ్చినవాళ్ళందరికీ తలా ఒక కాపీ పంచారు.

సరోజినీదేవి ఒక కాపీ తెరిచి చూపింది. పదిహేడో అధ్యాయం, ఆఖరి పేజీ. కథలోని డిటెక్టివ్ తన భార్యకు ఉత్తరం రాస్తాడు.

'నువ్వు పక్కగదిలో మసలుతున్న చప్పుడు వింటేనే నాకు మాట పుట్టేది.'

"యాభై రెండేళ్ళ కాపురం తల్లీ. కాఫీ బాగుందని కూడా ఎప్పుడూ అన్లేదు. ఈ ముక్క ఆయన చేతిరాతలో ఒక్కసారి చూసుకోవాలి. అందుకే మధ్యాహ్నం మళ్ళీ సొరుగు తీశాను."

ఆ గదిలోకి ఆ పూట ముగ్గురే వెళ్ళారు.

ఇల్లు ఊడ్చే దురుగమ్మ. 11:30.

"నాకు సదువే రాదు మేడం. దాన్ని తీస్కపోయి ఏం జేసేది? పల్లీలు పొట్లం కట్టల్లనా?"

క్యాంపు నుంచి వచ్చిన శివరామకృష్ణయ్య తమ్ముడి కొడుకు సుధాకర్. 11:50.

"కండువా మర్చిపోయి వెళ్ళానండి. మా పెద్దనాన్న నవల్లో అయితే పోలీసులు ఈపాటికి దొంగను పట్టేసేవాళ్ళు. మీరింకా పేర్లు రాసుకుంటున్నారు."

"నవల్లో పోలీసులకు బందోబస్తు డ్యూటీ ఉండదు సార్," అంది హిమజ.

డీటీపీ షాపు చక్రధర్. 12:10.

"ఏం పని పడింది ఆ గదిలో?"

"ఫోన్ చార్జింగ్ పెట్టినా మేడం."

"ఎంతసేపు?"

"పదిహేను నిమిషాలు."

"బ్యాగుతో పోయినావా?"

"గుర్తు లేదు మేడం."

హిమజ ఒక కాపీ అడిగి తీసుకుంది. మర్నాడు స్టేషన్‌లో భోజనానికి కూర్చున్నప్పుడు మొదలుపెట్టింది. నూట తొంభై ఎనిమిదో పేజీ దగ్గర ఆగింది. ఆ పేజీ రెండుసార్లు చదివింది.

మూడో రోజు ఉదయం పది గంటలకు ముగ్గురినీ అదే ఇంటికి పిలిపించింది. సరోజినీదేవి కిటికీ పక్కన కూర్చుంది.

హిమజ పుస్తకం తెరిచింది.

"పదిహేడో అధ్యాయం. మే నెల. హంతకుడు కత్తిని గోతాంలో చుట్టి క్యాంపు కాలవలో పారేస్తాడు. నీళ్ళు దాన్ని మూడు మైళ్ళు మోసుకొని పోతాయి. సుధాకర్ గారూ, మే నెలలో మీ కాలవలో ఏముంటాది?"

సుధాకర్ నవ్వాడు. "పిల్లలు క్రికెట్ ఆడతారండి."

నవ్వు అక్కడే ఆగిపోయింది.

"ఎండాకాలం డ్యాం నుంచి నీళ్ళు ఆపేస్తారు," అంది హిమజ. "కాలవ అడుగు పగిలి కనబడతాది. మా ఊరూ కాలవ కిందిదే. ఇన్నేళ్ళు నీళ్ళ వంతుకు కాపలా కాసిన మనిషి ఈ పేజీ రాయడు. చక్రధర్, మీది ఏ ఊరు?"

"దోణిమలై, మేడం. గనుల ఊరు, మాకు లారీలే తెలుసు."

"ఎవరు రాసినారు?"

హిమజ పుస్తకం మూసి చక్రధర్ వైపు తిరిగింది.

"నువ్వా?"

"నాకు రాసేకి రాదు మేడం." చక్రధర్ గొంతు తగ్గింది. "ఏఐ."

అతడు బ్యాగులోంచి నీలం అట్ట నోట్‌బుక్ తీసి సరోజినీదేవి ముందు పెట్టాడు.

"జనవరిలో సార్‌కు స్ట్రోక్ వచ్చినాక ఒక్క వాక్యం గూడా పూర్తి కాలేదమ్మా. రాసేది, కొట్టేసేది. శనివారం శనివారం నాకిచ్చి, టైప్ చెయ్యప్పా అనేవాడు. ఏం టైప్ చెయ్యల్ల? పదకొండు నవలలూ దాంట్లోకి ఎక్కించినా. పన్నెండోది రాయమంటి. ప్రింట్ తీసి చదివి వినిపిస్తాంటి. ఇది నేనెప్పుడు రాశానురా అని అడిగినాడు ఒకసారి. మీదే సార్ అని చెప్తిని."

"నోట్‌బుక్ ఎందుకు తీసినావు?"

"అమ్మ చూస్తే సార్ ఎంత కష్టపడినాడో తెలిసిపోతాది."

సుధాకర్ కలగజేసుకున్నాడు. "అందులో తప్పేముందండీ? ట్రాక్టర్ దున్నిందని పంట మనది కాకుండా పోతుందా?"

"పొలం ఎవరు దున్నినా ఫరవాలేదు నాయనా," అంది సరోజినీదేవి. "ఉత్తరం అట్లా కాదు."

ఆమె నోట్‌బుక్ తెరిచింది. వంకరపోయిన అక్షరాలు. మూడు మాటలు, కొట్టివేత. రెండు మాటలు, కొట్టివేత. ఒకచోట పెన్ను కాగితాన్ని చింపేసింది. చివరిదాకా తిప్పింది. ఉత్తరం లేదు.

"ఆ ఉత్తరం కూడా చదివి వినిపించావా?"

"వినిపించినామ్మా. ఆఖరి శనివారం."

"ఏమన్నారు?"

"ఏమీ అనలేదు. కండ్లు మూసుకోనుండె. వింటాండాడనే అనుకుంటి."

"ఎన్ని గంటలకి?"

"పదకొండు దాటింటాదమ్మా."

సరోజినీదేవి నోట్‌బుక్ మూసింది.

"ఆఖరి రోజుల్లో పదిన్నరకి మాత్ర వేసేదాన్ని," అంది. "పావుగంటలో నిద్రపోయేవారు."

దురుగమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

విన్నారేమోనమ్మా, అనబోయింది హిమజ. ఎన్నో ఇళ్ళ గుమ్మాల్లో నిలబడి అలాంటి మాటలు చెప్పిన అలవాటు ఉంది. ఈసారి ఫిర్యాదు కాగితం తీసింది. పోయిన వస్తువు దొరికింది. తీసినవాడు ఒప్పుకున్నాడు. కాగితం మీద ఇక కావాల్సింది సంతకం ఒక్కటే.

"ఆయన రాయలేదు. వినను కూడా లేదు," అంది సరోజినీదేవి. "నేను మాత్రం చదివేశాను తల్లీ. మూడు రోజుల్లో కంఠతా వచ్చేసింది. వంటింట్లో ఉన్నప్పుడు ఆయన గొంతుతోనే వినబడుతోంది. ఇప్పుడు దాన్నేం చెయ్యమంటావు?"

హిమజ చక్రధర్ వైపు చూసింది. అతడు ఖాళీ బ్యాగు జిప్పు మూస్తున్నాడు.