తొమ్మిది సోలలు

పొద్దున్నే కొట్టు షట్టరు ఎత్తగానే కాశీవిశ్వనాథం చేసే మొదటి పని ఉప్పు కొలవడం. దానికి తాతల నాటి ఇత్తడి సోల ఒకటి ఉంది. ఆ తాత గోదావరి అవతల నుంచి బండ్ల మీద ఉప్పు తెచ్చి భోపాలపట్నం సంతలో అమ్మినవాడు. రోజూ తొలి సోల అమ్మకూడదనీ, అడవి ఊళ్ల నుంచి వచ్చిన మొదటి మనిషి కొంగులో ఊరికే పోయాలనీ ఆయన పెట్టిన ఆనవాయితీ. కుటుంబం జగదల్‌పూర్ వచ్చేసింది, ఉప్పు ప్యాకెట్లలోకి వచ్చేసింది, అయినా ఆ సోల మాత్రం పోలేదు.

తొమ్మిది రోజులుగా ఆ తొలి సోల వీధిలోకి వెళ్లడం లేదు. కాశీవిశ్వనాథం దాన్ని రెండు చేతులా పట్టుకుని కొట్టు వెనక గదిలోకి పోయి, కళ్లు మూసుకుని, కూతురి అద్దాల తొట్టిలో పోసి వస్తున్నాడు. మలేరియా ముదిరి సాయిశ్రీ ఆస్పత్రిలో ఉంది. పొద్దున చూస్తే తొట్టిలో నీళ్లు అర వేలు దిగి ఉంటున్నాయి. ఆ నీళ్లు తగ్గుతుంటే కూతురి ప్రాణమే తగ్గుతున్నట్టు ఆయనకి అనిపించేది. మొక్కు పైకి చెబితే ఫలించదని ఎవరితోనూ అనలేదు. ఆ రోజు మరీ సంతోషంగా పోశాడు, ఎందుకంటే పది గంటలకి పిల్ల ఇంటికి వస్తోంది.

చెడ్డవాడని అనలేం. కానీ ఆ చెయ్యి ఉంది చూశారూ, అది నోటికంటే ముందు లేస్తుంది. కొడుకు రామ్‌ప్రసాద్ ఏడో తరగతిలో తిన్న చెంపదెబ్బకి ఈనాటికీ ఎడమ చెవి వినపడదు. భార్య నాగలక్ష్మి ముందు పళ్లలో ఒకటి కట్టుడు పన్ను. కూతురి మీద ఇంతవరకూ చెయ్యి చేసుకోలేదు. అదే ఘనకార్యమన్నట్టు నలుగురిలో చెప్పుకుంటాడు, ఏం మనిషో!

ఆ తొట్టి కథా చెప్పాలి. సాయిశ్రీ చేపల చదువు చదివింది, విశాఖపట్నంలో రెండేళ్లు సముద్రపు చేపల తొట్లు చూసుకునే పని నేర్చుకుంది. గీదం రోడ్డులో కొత్త హోటలు కడుతున్నాయన తన హాల్లో పగడాల తొట్టి పెట్టమన్నాడు. ముందు మీ ఇంట్లో ఒకటి బతికించి చూపించమన్నాడు. తండ్రి మంచిర్యాల సంబంధం ఖాయం చేసే పనిలో ఉన్నాడు. చివరికి ఒప్పందం ఒకటి కుదిరింది. దసరా నాటికి ఆ తొట్టిలో ప్రాణం నిలిస్తే ఆమె దారి ఆమెది, లేదంటే మెడ వంచి తాళి కట్టించుకోవాలి.

ఆషాఢం చివర వచ్చే హరేలీ అమావాస్యనాడు, దసరా రథానికి తొలి దుంగ ఊళ్లోకి వచ్చిన రోజే, ఆమె నీళ్లు నింపింది. బోరు నీళ్లలో ఇనుము ఎర్రగా తేలుతుంది కాబట్టి ఫిల్టరు నీళ్ల క్యాన్లు తెప్పించింది. సముద్రపు ఉప్పు బకెట్టు పార్సిల్లో వస్తే తండ్రి అగ్గి మీద గుగ్గిలమయ్యాడు.

"ఉప్పు కొట్టుల పుట్టి బయట ఉప్పు కొంటవా? ఉప్పుకి తేడా ఏందే?"

"ఇది వంట ఉప్పు కాదు బాపూ. పగడాలకి కాల్షియం కావాలె, మెగ్నీషియం కావాలె. అన్నీ లెక్కగ ఉండాలె."

"నాలుగు తరాలుగ అమ్ముతున్నం. నాకు ఉప్పు నేర్పకు."

తర్వాత ఆరు వారాలు తొట్టిలో రాళ్లూ నీళ్లూ తప్ప ఏమీ లేవు. సాయిశ్రీ రోజూ చిన్న సీసాలో నీళ్లు పట్టి మందు చుక్కలు వేసి రంగు చూసేది. అమ్మోనియా పెరిగింది, తగ్గింది. దాని వెనక నైట్రైట్ పెరిగింది, అదీ తగ్గింది. ఆ విషాన్ని తినే కంటికి కనపడని పురుగులు రాళ్లలో పెరిగేదాకా చేపని వేయకూడదంది. రామ్‌ప్రసాద్‌కి ఆ గది గోదాముగా కావాలి. చేపల్లేని తొట్టికి లైట్లా అని రోజూ సణిగేవాడు. "ఒక బోరా ఉప్పు గుమ్మరిస్తె ఖతమైతది" అని ఒకసారి అందరి ముందూ అననే అన్నాడు. నీళ్లు కుదిరాక ఆమె రెండు చేపలూ కొన్ని పగడాలూ తెచ్చి వేసింది. ఎంత సణిగినా, చెల్లెలు ఆస్పత్రికి పోతూ బతిమాలితే, రోజూ సాయంత్రం అద్దం మీద అంటించిన గీత దాకా క్యాను నీళ్లు పోసే పని వాడే ఒప్పుకున్నాడు.

పది గంటలకి ఆటో దిగింది. తల్లి భుజం పట్టుకుని నడిచి వచ్చిన సాయిశ్రీ మంచం వైపు పోకుండా నేరుగా తొట్టి దగ్గరకి పోయింది. ఆ మరుక్షణమే అరిచింది.

పువ్వుల్లా విచ్చుకుని ఉండాల్సిన పగడాలు ముడుచుకుపోయి, తొక్క ఊడి తెల్లగా ఉన్నాయి. తెల్ల పట్టీల నారింజ రంగు చేపలు రెండింటిలో ఒకటి అడుగున పడి ఉంది. రెండోది అద్దానికి ఆనుకుని నోరు తెరిచి రొప్పుతోంది.

"ఎవరో ఏదో కలిపిన్రు! వట్టిగ చావవు ఇవి. అన్నా, ఎప్పటిసంది ఇట్లున్నయ్?"

"రెండు రోజులైంది ముడుచుకుని. నిద్రనేమో అనుకున్న," అన్నాడు రామ్‌ప్రసాద్ నీళ్లు నములుతూ. "నీకు జ్వరమని చెప్పలే."

కాశీవిశ్వనాథం సోల పట్టుకునే కొట్టులోంచి లోపలికి వచ్చాడు. కూతురి ఏడుపు చూశాడు, కొడుకు తడబాటు చూశాడు. ఆయనకి అంతకన్నా ఎక్కువ సాక్ష్యం ఎన్నడూ అవసరం లేదు.

"నువ్వే కదరా! ఖతం చేస్తనన్నవు కదా!"

"కాదు బాపూ! క్యాను నీళ్లు తప్ప..."

మాట పూర్తి కాలేదు. ఇత్తడి సోల కనుబొమ్మ పైన టంగుమని తగిలింది. రక్తం కంట్లోకి కారింది. రామ్‌ప్రసాద్ చేతులు అడ్డం పెట్టుకుంటే చేతుల మీద కొట్టాడు, వంగితే వీపు మీద కొట్టాడు. "ఆగండి! పిల్లగాన్ని చంపుతరా!" అంటూ నాగలక్ష్మి మధ్యలోకి వచ్చింది. ఆయన మోచెయ్యి దవడకి తగిలి ఆమె గోడ మీద పడింది.

తల్లి పడటం చూశాక రామ్‌ప్రసాద్‌కి ముప్పై ఏళ్ల కోపం ఒక్కసారే పొంగుకొచ్చింది. తండ్రిని ఛాతీ మీద తన్నాడు. గుమ్మం పక్కనున్న అయిదు కిలోల తూకం రాయి అందుకున్నాడు.

"ఈ తొట్టి కోసమే కదా! ఇగో, తీసుకో!"

రాయి అద్దానికి తగిలింది. రెండు నెలల నీళ్లూ, రాళ్లూ, పగడాలూ ఒక్క పెట్టున గదంతా పొర్లాయి. కొట్టులోని ఉప్పు బస్తాల కిందికీ పారాయి. సాయిశ్రీ గాజు పెంకుల్లో మోకాళ్ల మీద పాకుతూ, కొట్టుకుంటున్న చేపని దోసిట్లో పట్టి, బకెట్లో వేసి, తొట్టి అడుగున మిగిలిన నీళ్లు అందులో ఎత్తి పోసింది. మోకాళ్ల నుంచి రక్తం కారుతోంది, ఆమెకది తెలియనే లేదు.

కాశీవిశ్వనాథం లేచాడు. ఈసారి ఆయన చేతిలో ఉన్నది సోల కాదు, బస్తాలు లాగే ఇనుప కొక్కెం. ఆ కళ్లు మనిషి కళ్లలా లేవు. ఇరవై ఏళ్లుగా ఆ కొట్టులో మూటలు మోస్తున్న హుంగా పరుగెత్తుకొచ్చి వెనక నుంచి రెండు చేతులూ కలిపి బిగించి పట్టుకున్నాడు.

"సేటూ! కొడుకు, సేటూ! కన్న కొడుకు!"

ఆ పెనుగులాటలో సాయిశ్రీ అల్మారాలోంచి ఉప్పు చూసే చిన్న గొట్టం తీసి, బకెట్లోంచి ఒక చుక్క వేసి, వెలుతురుకి ఎత్తి చూసింది. మళ్లీ తుడిచి మళ్లీ చూసింది.

"నలభై ఆరు," అంది. "ముప్పై అయిదు ఉండాలె. విషం కాదు బాపూ. ఉప్పు. ఎవరో రోజూ ఉప్పు పోసిన్రు."

కాశీవిశ్వనాథం చేతిలో కొక్కెం జారి నీళ్లలో పడింది.

నాగలక్ష్మి గోడ పట్టుకుని లేచింది. భర్త ముఖం చూసింది, నేల మీద నెత్తురంటిన సోలని చూసింది. ముప్పై రెండేళ్ల కాపురంలో ఆమె ఆయన్ని మీరు అనే పిలిచింది.

"నువ్వు పోసినవా?" అంది.

ఆయన సోలనే చూస్తూ అన్నాడు. "రోజుకొక సోల. నీళ్లు తగ్గుతుంటే ఉప్పు కూడ తగ్గుతదనుకున్న. తొలి సోల పోస్తె నా బిడ్డ బతుకుతదని మొక్కుకున్న. తొమ్మిది రోజులు..."

"నీళ్లే ఆవిరైపోతయ్ బాపూ," సాయిశ్రీ ఏడుస్తూ అంది. "ఉప్పు ఎటూ పోదు. అండ్లనే ఉంటది. నువ్వు పోసిందంతా అండ్లనే ఉన్నది."

"మరి వాన్నెందుకు కొట్టినవ్?" నాగలక్ష్మి దవడ పట్టుకునే అడిగింది. "నీ చేతుల ఉన్న సోల, నువ్వు చేసిన పని, నెత్తురు వానిది. ముందుగాల కొట్టి ఎనక అడుగుడు. ఇయ్యాల్టితో బస్. ఇంకొక్కసారి చెయ్యి లేస్తె నా పిల్లల్ని తీసుకుని నేను పోత. నీ కొట్టు నువ్వే ఏలుకో."

హుంగా తన తువ్వాలు చించి రామ్‌ప్రసాద్ నుదుటికి కట్టి, ఆటో ఎక్కించుకుని పోయాడు. తల్లి సాయిశ్రీ మోకాళ్లలోంచి గాజు ముక్కలు ఏరింది. కాశీవిశ్వనాథం ఒక్కడే గదిలో కూర్చుని, గుడ్డతో నీళ్లు పిండుతూ, చచ్చిన పగడాలని పళ్లెంలో పెడుతూ, ఇంటిముందు జనం తొంగి చూస్తున్నారన్న సిగ్గు కూడా లేకుండా వెక్కి వెక్కి ఏడ్చాడు. అది చూసి జాలిపడాలో తగిన శాస్తి అనుకోవాలో, నాకైతే తెలియదు.

మధ్యాహ్నం రామ్‌ప్రసాద్ ఏడు కుట్లతో తిరిగొచ్చాడు. తండ్రిని దాటుకుని పోయి చెల్లెలి బకెట్ పక్కన కూర్చున్నాడు. గాలి మోటారు గొట్టం వేశారు. చేప ఇంకా రొప్పుతూనే ఉంది.

"ఒక్కసారే మంచినీళ్లన్నీ పోస్తె తట్టుకోదు అన్నా. గంటకి ఒక్క గ్లాసు. తొందర పడొద్దు," అని చెప్పి సాయిశ్రీ నీరసంతో చాప మీద ఒరిగింది.

కాశీవిశ్వనాథం గుమ్మంలో నిలబడి మంచిర్యాలకి ఫోన్ చేశాడు. అందరికీ వినపడేలాగే, మా పిల్లకి పని ఉన్నది, ఈ సంబంధం వద్దని చెప్పాడు. సాయిశ్రీ కళ్లు తెరవకుండానే అంది.

"చేప ఇంకా పూర్తిగ బతకలే బాపూ, సగం ప్రాణంతోనే ఉన్నది. మన ఒప్పందం మాట తర్వాత. ముందు అన్నతోని మాట్లాడు."

ఆయన వచ్చి కొడుకు పక్కన, ఎడమ వైపు కూర్చున్నాడు. ఆ నోటికి అలవాటు లేని మాట, గొంతులోంచి గొణుగుడులా వచ్చింది.

"తప్పయింది బిడ్డా."

రామ్‌ప్రసాద్ కదల్లేదు. చేపనే చూస్తున్నాడు. ఆయన మళ్లీ అన్నాడు. అప్పుడు రామ్‌ప్రసాద్ తల తిప్పి, ఆయన పెదవులు కదలడం చూసి, నెమ్మదిగా అన్నాడు.

"ఆ చెవి వినపడదు బాపూ. ఇటు రా."

కాశీవిశ్వనాథం ముఖం మీద ఎవరో కొట్టినట్టయింది. చేతులు నేలకానించి లేచాడు. బకెట్ చుట్టూ తిరిగి, కొడుకు కుడి వైపు వచ్చి కూర్చుని, ఆ మాట మళ్లీ చెప్పాడు, ఇంకా గట్టిగా, ఇల్లంతా వినపడేలాగా. నాగలక్ష్మి వంటింట్లో కొంగు నోట్లో కుక్కుకుంది.

రామ్‌ప్రసాద్ చేతిలోని క్యాను నీళ్ల గ్లాసు తండ్రి వైపు జరిపాడు. ఆయన దాన్ని రెండు చేతులా పట్టుకున్నాడు.

"ఇప్పుడు పొయ్యాల్నా?"

"ఆగు. ఇంకా గంట కాలే."

ఆయన గ్లాసు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు.