అత్తయ్యకి మాత్ర ఎవరివ్వాలి

పెద్ద కోడలు పాలు పొంగకుండా చూసుకుంటూ, పిల్లల డబ్బాలు సర్దుతూ, మొగుడి చొక్కా ఎక్కడుందో చెప్పిందే చెబుతూ ఉండగా వెనక కప్పు పగిలిన చప్పుడైంది. తిరిగి చూస్తే అత్తగారు కుర్చీలో కూర్చున్నది కూర్చున్నట్టే నిద్రపోతోంది. టీ అంతా ఒళ్లో పడినా కళ్లు తెరవలేదు. అది చల్లారిపోయి ఉంది కాబట్టి సరిపోయింది.

పెద్ద కోడలికి ముందు జాలేసింది, వెంటనే ఒళ్లు మండింది. కొన్నాళ్లుగా ఇదే వరస. పెద్దావిడ పగలంతా తూలుతోంది, నోరెండిపోతోందని గ్లాసులకు గ్లాసులు నీళ్లు తాగుతోంది, మనవడిని పట్టుకుని పోయిన మొగుడనుకుని మాట్లాడుతోంది. ఒకప్పుడు పిండి ముద్ద మీద వేలు నొక్కి ఎంత పులిసిందో చెప్పిన మనిషి, బేకరీ మొత్తాన్ని కనుసన్నల్లో నడిపిన మనిషి. అమ్మకి మతి తప్పుతోంది, కనిపెట్టి చూసుకునే చోట ఎక్కడైనా చేర్పిద్దామని మొగుడు నిన్ననే నసిగాడు. ఆ మాటకి రాత్రంతా ఆమెకి నిద్ర పట్టలేదు.

ఆ ఇంట్లో పై వాటా పెద్దాడిది, కింది వాటా చిన్నాడిది. తల్లి పగలు కింద, రాత్రి పైన. బేకరీ మాత్రం ఇద్దరిదీ. తండ్రి కట్టించిన పాత పొయ్యిని చిన్నాడు అడగకుండా పడగొట్టించి కరెంటు పొయ్యి పెట్టించిన నాటి నుంచి అన్నదమ్ములకు మాటల్లేవు. పెద్దాడు పొయ్యి దగ్గర, చిన్నాడు గల్లా దగ్గర. మధ్యలో ఒక చెక్క బల్ల. బ్రెడ్డు అయిపోయిందని ఆయనకి చెప్పండి అని చిన్నాడు కొనడానికి వచ్చిన వాళ్లతో అనేవాడు. ఇంకో పావుగంట పడుతుందని చెప్పండి అని పెద్దాడు అదే మనిషితో అనేవాడు. బన్ను కోసం వచ్చినవాళ్లు బిక్కమొహం వేసుకుని ఇద్దరికీ రాయబారం నడిపేవారు. చూసేవాళ్లకి నవ్వు, ఇంట్లోవాళ్లకి నరకం.

కప్పు చప్పుడు విని చిన్నాడు మెట్లెక్కి వచ్చాడు. గడప దాటలేదు. తల్లి వాలకం చూసి వదిన మీద విరుచుకుపడ్డాడు.

"వదినా, రాత్రిళ్లు అమ్మకి ఏం మింగిస్తున్నారు? మీరు హాయిగా పడుకోవడానికి ఆవిణ్ణి మత్తులో పెడుతున్నారా?"

పెద్ద కోడలి చేతిలో గరిటె ఆగిపోయింది. ఇన్నేళ్ల చాకిరీకి దక్కిన బిరుదు ఇదా అనిపించింది.

"గుండె దడదడలాడుతోంది, చచ్చిపోతానేమోనని మీ అమ్మ రాత్రిళ్లు నా చెయ్యి పట్టుకుని ఏడిస్తే డాక్టరు దగ్గరికి తీసుకెళ్లింది నేను. ఆయన రాసిన మాత్ర ఇస్తున్నాను. పగలు మీ ఇంట్లో ఏం పెడుతున్నారో ఆ దేవుడికే తెలియాలి. నన్నడిగే ముందు మీ ఆవిణ్ణి అడుగు."

పెద్దాడు పక్కనే నిలబడి, తమ్ముడి వైపు చూడకుండా, కిందికి దిగమని ఆయనకి చెప్పు అన్నాడు పెళ్లాంతో. ఆ మాటతో ఆమెకి తిక్క రేగింది. మీ నోటికేం వచ్చింది, మీరే చెప్పుకోండి అని గట్టిగా కసిరింది. ఈ అరుపులకి పెద్దావిడ ఉలిక్కిపడి లేచి, వద్దురా అంటూ ఒక అడుగు వేసి, తలుపు అంచుకి తల కొట్టుకుని దబ్బున పడిపోయింది.

ఆసుపత్రిలో నుదుటికి కుట్లు వేశారు, ఈసీజీ తీశారు. డాక్టరమ్మ బయటికొచ్చి, ఈవిడ ఏం మందులు వాడుతోందని అడిగింది. పెద్ద కోడలు సంచిలోంచి మాత్రల షీటు తీసింది. చిన్నాడు కాస్త తటపటాయించి చొక్కా జేబులోంచి ఇంకో షీటు తీశాడు. అమ్మ పగలంతా చర్మం లేచిపోయేలా గోక్కుంటుంటే చూడలేక వేరే డాక్టరుకి చూపించానని, దురదకి ఆయన రాసిందని, మధ్యాహ్నం భోజనమయ్యాక ఇస్తున్నామని చెప్పాడు. వారం నుంచి జలుబు సిరప్పు కూడా పడుతున్నామని అతని భార్య మెల్లిగా అందించింది.

డాక్టరమ్మ రెండు షీట్లూ పక్కపక్కన పెట్టి, కంపెనీ పేర్ల కింద చిన్న అక్షరాల మీద వేలు పెట్టి చూపించింది. మందు ఒక్కటే. భయంతో వచ్చే దడకీ ఇస్తారు, దురదకీ ఇస్తారు. మత్తు తెస్తుంది కనుక పెద్దవాళ్లకి తక్కువ మోతాదులో, కొద్దిరోజులే, రాత్రిపూటే ఇస్తారు. రెండింతలు పడితే తూలుతారు, మాట తడబడుతుంది, మూత్రం సరిగా రాదు, గుండె లయ తప్పే ప్రమాదం కూడా ఉంది. పైగా ఆ సిరప్పులోనూ ఇలాంటి మత్తుమందే ఉంది.

"మతిమరుపు కాదు, మీరు చేసిన పని ఇది. ఒకే ఇంట్లో ఉండి, ఇంకో డాక్టరు ఏం రాశాడో ఒకరినొకరు అడగలేదా?"

పెద్ద కోడలికి సిగ్గుతో చెవులు వేడెక్కాయి. అత్తయ్యని ఏదో హోములో పడేసేవాళ్లం, ఈ మందు మూలంగా, మా పంతం మూలంగా అనుకుంది.

సాయంత్రానికి పెద్దావిడ కాస్త తేరుకుంది. ఈసీజీ ఫరవాలేదని, ఇప్పటికి రెండు మాత్రలూ, ఆ సిరప్పూ ఆపేయమని, చర్మం పొడిబారకుండా క్రీము రాయమని డాక్టరమ్మ చెప్పింది. మళ్లీ చూశాక అవసరమైతే చిన్న మోతాదు రాస్తాను, అది ఒక్క చేతి మీదుగానే పడాలి, ఇచ్చేదెవరు అని అడిగింది.

పెద్దాడు అలవాటు కొద్దీ డాక్టరమ్మతో, "ఆయన్ని అడిగి చూడండి," అన్నాడు.

మంచం మీది పెద్దావిడ దిండు తీసి కొడుకు మీదికి విసిరింది.

"ఆవిడ చేత అడిగిస్తావురా? పైన చెప్పకమ్మా అని వాడు, కింద చెప్పకమ్మా అని నువ్వు. ఒకటి వద్దంటే నువ్వు అలుగుతావు, ఇంకోటి వద్దంటే వాడు అలుగుతాడు. ఆ రెండో మాత్ర సంగతి చెబితే మళ్లీ ఇల్లంతా రచ్చ. అందుకే నోరు మూసుకుని రెండూ మింగాను. మీరు కొట్టుకోకుండా ఉంటే చాలనుకుని మింగాను. నా దడ దేనికనుకున్నారు? మీ గురించేరా."

చిన్నాడు గోడకి ఆనుకుని మొహం దాచుకున్నాడు. పెద్దాడు కిందపడిన దిండు తీసి, తల్లి తల కింద పెట్టాడు. తర్వాత తమ్ముడి వైపు తిరిగాడు.

"ఒరేయ్. అమ్మకి మాత్ర నువ్విస్తావా, నన్నివ్వమంటావా?"

చిన్నాడు చొక్కా చేత్తో కళ్లు తుడుచుకున్నాడు.

"నువ్వే ఇయ్యి అన్నయ్యా. ఇచ్చావా అని నేనడుగుతాను. రోజూ అడుగుతాను."

"అడుగు," అన్నాడు పెద్దాడు.

పెద్ద కోడలికి ఇద్దరినీ చెరో చెంపా వాయించాలన్నంత కోపం ఇంకా ఉంది. ఆ కోపంతోనే ఏడుస్తూ వెళ్లి అత్తగారి పక్కన కూర్చుంది. ఆవిడ రెండు చేతులతో కోడలి చెయ్యి పట్టుకుంది.