ఒకటి మీద తొక్కాలి

శనివారం. స్కూలు సగం పూటే. సుప్రజ ఇంకా భుజం మీంచి బ్యాగు కూడా దించలేదు, హాల్లో నేల మీద కూర్చున్న నరేశ్ మామ కనిపించాడు. ఆయన ముందు ఒక చిన్న ఇనుప పెట్టె.

"మామా, ఏంది అది? టిఫిన్ బాక్సా?"

"టిఫిన్ బాక్సే అనుకో పుట్టీ. ఒక్క ముద్ద పెడితే చాలు. నువ్వు వద్దనేదాకా అదే ముద్ద మళ్ళీ మళ్ళీ పెడతా ఉంటాది!"

నరేశ్ మామ బ్రూక్‌ఫీల్డ్ ఏరియాలో ఒక కంప్యూటర్ ఆఫీసులో పని చేస్తాడు. శని, ఆదివారాలు మాత్రం ఆయన పని గిటారే. సుప్రజకు గిటార్ నేర్పింది ఆయనే. తన పాత గిటార్ ఇచ్చిందీ ఆయనే.

ఆ పెట్టె పేరు లూపర్ పెడల్. ఇది 2007 నాటి సంగతి, అప్పటికి సుప్రజ క్లాసులో ఒక్కరు కూడా అలాంటిది చూసి ఉండరు. అదేంటో చెప్పకపోతే కథ కదలదు కాబట్టి గబగబా చెప్పేస్తాను!

గిటార్ నుంచి ఒక వైరు ఈ పెట్టెలోకి వస్తుంది. పెట్టె నుంచి ఇంకో వైరు స్పీకర్‌కి వెళ్తుంది. పైన తిప్పడానికి ఒకే ఒక్క బటన్, కింద కాలితో తొక్కడానికి ఒకే ఒక్క స్విచ్. ఒకసారి తొక్కితే మనం వాయించేది రికార్డు అవుతుంది. రెండోసారి తొక్కితే అదే మళ్ళీ మళ్ళీ, మళ్ళీ మళ్ళీ మోగుతుంది. మూడోసారి తొక్కితే దాని మీద ఇంకో వరస రికార్డు అవుతుంది. అంటే ఒక్క మనిషే ఇద్దరిలా, ముగ్గురిలా వాయించొచ్చు! ఆపాలంటే టకటకా రెండుసార్లు తొక్కాలి. అంతే!

"స్కూల్ డే అయ్యేదాకా నీ దగ్గరే పెట్టుకో," అన్నాడు మామ. "ఒకటి మాత్రం చెప్తా విను. నాలుగు కొట్టేసినాక తొక్కేది కాదు. తర్వాత వచ్చే ఒకటి ఉండాది చూడు, దాని మీద..."

"ఊ, ఊ, తెలిసింది మామా!"

ఏమీ తెలియలేదు. అప్పటికే ఆమె కాలు స్విచ్ మీద ఉంది. చెవులు మాత్రం మామ దగ్గర లేవు.

ఆ గిటార్ చెక్క మీద వేళ్ళతో కొట్టినా స్పీకర్‌లో వినిపిస్తుంది. సుప్రజ ఒకసారి తొక్కి ధుం, తక, తక, టక్ అని కొట్టింది. మళ్ళీ తొక్కింది. ధుం, తక, తక, టక్! ఎవరూ కొట్టకుండానే! ఆమెకు ఒళ్ళంతా పులకరించింది.

అప్పుడే ఒక ఆలోచన వచ్చింది. ఆ ఆలోచన దగ్గరే గొడవంతా మొదలైంది.

స్కూల్ డేకి సుప్రజ ఒక్కతే వాయించాల్సింది కాదు. ఐటమ్‌లో ఇద్దరు ఉన్నారు. సుప్రజ గిటార్. రేణుక బోర్లించిన నూనె డబ్బా. రేణుక కూడా ఆరో తరగతే. వాళ్ళ నాన్న స్కూలు వెనకాల కడుతున్న అపార్ట్‌మెంట్‌కి వాచ్‌మన్. అమ్మ ఈరమ్మ అక్కడే సిమెంటు పనికి వెళ్తుంది. కదిరి దగ్గర నుంచి వచ్చి మూడేళ్ళయింది. రేణుక చేతిలో డబ్బా పడితే చాలు, దారిన పోయేవాళ్ళు కూడా తల ఊపుతారు.

సోమవారం లంచ్ బ్రేక్‌లో సుప్రజ రేణుక పక్కన కూర్చుంది.

"రేణుకా, మా మామ ఒక పెట్టె తెచ్చిచ్చినాడు. అదే బీట్ కొడతాది. ఇంక డబ్బా అక్కర్లేదు."

"డబ్బా అక్కర్లేదా?"

"నువ్వు కూడా అక్కర్లేదు. సుమ్నే, ఊరికే అట్లా కూర్చుని చూడు, సూపర్‌గా ఉంటాది!"

రేణుక చేతిలోని చపాతీ ముక్కను టిఫిన్ డబ్బాలో పెట్టేసింది.

"సరేలే," అంది. మూత పెడుతూ, "మా అమ్మ శనివారం స్కూల్ డేకి సగం పూట పని మాని వస్తానని మేస్త్రీకి చెప్పిండాది. వద్దులే అని చెప్తా," అంది.

సుప్రజ ఆ మాట వింది. కానీ ఆమె మనసంతా పెట్టె మీదే ఉంది. నేరుగా స్టాఫ్ రూమ్‌కి వెళ్ళి, మ్యూజిక్ నేర్పే పద్మనాభం సార్ దగ్గరున్న ఐటమ్స్ లిస్టులో రేణుక పేరు కొట్టేసింది. ఆయన కళ్ళద్దాల మీంచి చూశాడు.

"ఏమ్మా, జగడం ఆడుకున్నారా?"

"లేదు సార్. పెడల్ వచ్చింది సార్!"

ఆ వారమంతా ఇంట్లో ధుం, తక, తక, టక్. పొద్దున ధుం తక. సాయంత్రం ధుం తక. కానీ ఏదో తేడాగా ఉంది. నాలుగు దెబ్బలు బాగానే పడుతున్నాయి. ఐదోది పడాల్సిన చోట మాత్రం చిన్న గుంత. రోడ్డు మీద ఆటో గుంతలో పడి లేచినట్టు, ప్రతిసారీ అక్కడే, అంతే.

వంటింట్లో చిక్కుడుకాయలు వలుస్తున్న దొడ్డమ్మ బయటికి వచ్చింది. దొడ్డమ్మ అంటే సుప్రజ వాళ్ళ అమ్మకు అక్క.

"ఏందే అది, కుంటుతా ఉండాది?"

"కుంటడం లేదు దొడ్డమ్మా. లూప్ అంటే అట్లే ఉంటాది."

"నాకు లూపూ తెలీదు, గీపూ తెలీదు. కాలు బెణికిన మేక నడుస్తా ఉన్నట్టుండాది."

"పో దొడ్డమ్మా!"

గురువారం రిహార్సల్. ఆరో తరగతి మొత్తం హాల్లో కూర్చుంది. రేణుక మూడో వరసలో ఉంది. సుప్రజ స్పీకర్ పెట్టుకుంది, వైర్లు తగిలించింది, పెడల్ తొక్కింది. ధుం, తక, తక, టక్. తొక్కింది.

ధుం, తక, తక, టక్... గుంత... ధుం, తక, తక, టక్... గుంత...

ఆ పెద్ద హాల్లో కుంటు ఇంకా బాగా వినిపించింది. సుప్రజ పాట మొదలుపెట్టింది. ఒకచోట తీగల మీద వేళ్ళు ఒక పట్టు నుంచి ఇంకో పట్టుకు మారాలి. అక్కడ ఆమెకు ఎప్పుడూ కొంచెం లేటవుతుంది. ఈసారీ అయింది. పెట్టె ఆగలేదు. పెట్టెకేం తెలుసు? అది తన పాటికి తాను ముందుకు వెళ్ళిపోయింది. సుప్రజ వెనకాల పరుగెత్తింది. పట్టుకోలేకపోయింది.

కంగారులో ఆపుదామని తొక్కింది. ఒక్కసారే తొక్కింది! అది ఆగలేదు సరికదా, రికార్డు చేయడం మొదలుపెట్టింది. ఆమె చెయ్యి గిటార్‌కి తగిలి డభేల్‌మంది. అది కూడా రికార్డు అయింది. తీగ మీద గోరు గీసుకుని కీచుమంది. అదీ అయింది.

ధుం, తక, డభేల్, కీచ్, టక్! ధుం, తక, డభేల్, కీచ్, టక్!

"సుప్రజా, నీ పెట్టెకి ఎక్కిళ్ళు వచ్చినాయి! నీళ్ళు తాగించు!" అని వెనక నుంచి దీపక్ అరిచాడు.

హాలంతా పడి పడి నవ్వింది. సుప్రజ వైరు పట్టుకుని పీకేసింది. అప్పటికి గానీ నోరు మూసుకోలేదు ఆ పెట్టె.

"రేపు సాయంత్రం నాలుగుకి ఇంకోసారి చూస్తానమ్మా," అన్నాడు పద్మనాభం సార్. "అప్పుడు కూడా ఇట్లే ఉంటే ఈ ఐటమ్ తీసేస్తా. బేజారు చేసుకోవద్దు."

సుప్రజ తల దించుకుని వైర్లు చుట్టసాగింది. క్లాసు బయటికి వెళ్తోంది. రేణుక మాత్రం నవ్వలేదని ఆమె గమనించింది. రేణుక వేళ్ళు తన మోకాలి మీద మెల్లగా కదులుతున్నాయి. ధుం, తక, తక, టక్. అందులో గుంత లేదు.

అప్పుడు సుప్రజకు ఇంకో సంగతి గుర్తుకొచ్చింది. పోయిన నెలంతా ఇద్దరూ కలిసి ప్రాక్టీస్ చేశారు. ఆ పట్టు మారే చోట అప్పుడు కూడా సుప్రజకు లేటయ్యేది. కానీ పాట ఎప్పుడూ ఆగలేదు. ఎందుకంటే అక్కడ రేణుక ఒక "తక తక" ఎక్కువ కొట్టేది. సుప్రజ వేళ్ళు సర్దుకునేదాకా. ఒక్కరోజు కూడా ఆ మాట పైకి చెప్పలేదు. సుప్రజ ఏమో తనే బాగా వాయిస్తున్నానని అనుకుంది!

స్కూలు వదలగానే సుప్రజ గిటార్, పెట్టె, చిన్న స్పీకర్ మోసుకుని వెనకాల కట్టడం దగ్గరికి వెళ్ళింది.

అక్కడ ఆ రోజు స్లాబ్ వేస్తున్నారు. మిక్సర్ గిర్రున తిరుగుతోంది. కింద నుంచి పై అంతస్తు దాకా మెట్ల మీద ఆడవాళ్ళు, మగవాళ్ళు వరసగా నిలబడ్డారు. సిమెంటు నింపిన ఇనుప బాండ్లి ఒకరి చేతిలోంచి ఇంకొకరి చేతిలోకి, అక్కడి నుంచి ఇంకొకరి చేతిలోకి పైకి పోతోంది. ఎక్కడా ఆగడం లేదు. వరస మధ్యలో, తలకు తువ్వాలు చుట్టుకుని, రేణుక వాళ్ళ అమ్మ ఈరమ్మ.

రేణుక వాచ్‌మన్ రూమ్ ముందు కూర్చుని హోంవర్క్ రాసుకుంటోంది. సుప్రజను చూసి పుస్తకం మూసింది.

"ఏమి, ఇట్లా వచ్చినావు?"

సుప్రజ గిటార్ కింద పెట్టింది.

"నేను... నీ పేరు నేనే కొట్టేసినాను. సార్ కాదు."

"తెలుసు."

"తప్పు చేసినాను రేణుకా. సారీ. పెడల్ వచ్చిన సంతోషంలో నువ్వేమనుకుంటావో అని చూడనే లేదు."

రేణుక పెన్ను మూత తీసి, పెట్టి, మళ్ళీ తీసింది.

"ఏడుపొచ్చింది నాకు ఆ రోజు," అంది చివరికి. "అమ్మకి చెప్పేదానికి నోరే రాలేదు. ఇంకా చెప్పలేదు."

"చెప్పద్దు! ప్లీజ్ చెప్పద్దు!"

రేణుక చటుక్కున నవ్వేసింది. తర్వాత పెట్టె వైపు చూసింది. "నువ్వు లేటుగా తొక్కుతా ఉండావు. నాలుగు కొట్టి, కిందికి చూసి, స్విచ్ యాడుందో వెతికి, ఆమీట తొక్కుతావు. ఆ వెతికే టైమును కూడా అది పట్టుకుంటా ఉండాది."

సుప్రజ నోరు తెరిచింది. మామ చెప్పబోయింది ఇదే! తను విననిది ఇదే!

"మరి ఎప్పుడు తొక్కాల?"

"మా అమ్మని చూడు." రేణుక మెట్ల వైపు చూపించింది. "బాండ్లి వచ్చినాక చెయ్యి చాపితే జారి పడిపోతాది. అది వచ్చేటప్పటికే చెయ్యి ఆడ ఉండాల. కింద అక్క వదిలేదీ, అమ్మ పట్టేదీ ఒక్కటే సారి. చూడు... ఇప్పుడు. ఇప్పుడు. ఇప్పుడు."

సుప్రజ చూసింది. ఈరమ్మ బాండ్లి వైపు చూడను కూడా చూడటం లేదు. చేతులు మాత్రం సరిగ్గా అక్కడే ఉన్నాయి. ప్రతిసారీ.

"నాలుగు అనేది కింద అక్క. ఒకటి అనేది మా అమ్మ," అంది రేణుక. "ఒకటి మీదే తొక్కాల."

వాచ్‌మన్ రూమ్‌లో ప్లగ్ పాయింట్ ఉంది. సుప్రజ గిటార్ పట్టుకుని కూర్చుంది. పెడల్ తన కాలి దగ్గర పెట్టుకోబోయి ఆగింది. దాన్ని నెమ్మదిగా రేణుక కాలి దగ్గరికి జరిపింది.

"నువ్వు తొక్కు."

"నేనా? మీ మామది కదా! పగిలిపోతే?"

"తొక్కేదానికే చేసిండారులే. తొక్కు!"

రేణుక చెప్పులు విడిచి, ఒకసారి తొక్కింది. ముందుకు వంగి, సుప్రజ పట్టుకున్న గిటార్ చెక్క మీదే వేళ్ళతో కొట్టింది. ధుం, తక, తక, టక్, ఒకటి మీద కాలు పడింది. ధుం, తక, తక, టక్, ధుం, తక, తక, టక్. గుంత లేదు. అతుకు ఎక్కడుందో కూడా తెలియలేదు!

మరుసటి రోజు నాలుగు కాకముందే ఇద్దరూ పద్మనాభం సార్ ముందు వాయించి చూపించారు. ఆయన విన్నాడు. లిస్టు తీశాడు.

"ఇంకో పేరు రాయాల సార్," అంది సుప్రజ.

"కొట్టేసింది నువ్వే కదమ్మా?"

"అవును సార్. నేనే రాస్తాను." రేణుక పేరు ముందు రాసింది. తన పేరు దాని కింద రాసింది.

శనివారం సాయంత్రం స్టేజీ ఎక్కి రేణుక గిటార్ చెక్క మీద కొట్టింది, సరిగ్గా ఒకటి మీద పెడల్ తొక్కింది. తర్వాత పక్కనున్న డబ్బా అందుకుని, మోగుతున్న లూప్ మీద ఇంకో వరస వాయించింది. సుప్రజ పాట ఎత్తుకుంది. మూడో వరసలో ఈరమ్మ కూర్చుని ఉంది. ఉతికిన చీర కట్టుకుంది, మోచేతి దగ్గర మాత్రం ఇంకా కొంచెం సిమెంటు మిగిలిపోయింది.

అంతా బాగానే ఉంది. కానీ ఆ పట్టు మారే చోటు వచ్చింది. సుప్రజ వేలు జారింది!

టక్, టక్. రేణుక కాలు రెండుసార్లు పడింది. పెట్టె ఆగిపోయింది. డబ్బా మాత్రం ఆగలేదు. తక తక, తక తక... రేణుక సుప్రజ వైపు చూసి గడ్డం పైకెత్తింది. ఇప్పుడు. సుప్రజ సరిగ్గా ఒకటి మీద పాట అందుకుంది. అది కూడా పాటలో భాగమే అనుకుని హాలంతా చప్పట్లు కొట్టింది.

ఆదివారం పొద్దున నరేశ్ మామ పెట్టె తీసుకుపోవడానికి వచ్చాడు. పోయే ముందు ఒకసారి తనే గిటార్ పట్టుకుని కొట్టి, తొక్కి చూశాడు. ధుం, తక, తక, టక్... చిన్న గుంత.

"మామా, నువ్వు కూడా కుంటుతా ఉండావు!"

"అవును పుట్టీ, ఆఫీసు పనిలో పడి ప్రాక్టీసే లేదు," అని మామ నవ్వాడు. "నిన్న కరెక్టుగా తొక్కినావంట కదా. ఎట్లనో నాకు చూపించు."

"నేను కాదు మామా." సుప్రజ అప్పటికే చెప్పులు వేసుకుంటోంది. "ఉండు, ఆ పెట్టె ఇప్పుడే ఎత్తుకుపోవద్దు. రేణుకని పిలుచుకొస్తా!"